నేను పెట్టని సంతకం

రెండువేల సంవత్సరం, మార్చి నెల, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. మెల్‌బోర్న్ పెద్ద కోర్టులో ఆమె పేరు పిలిచారు. ఆమె లేచి నిలబడింది. నాతో పాటు దాదాపు రెండేళ్ళు ఆఫీసుల్లో చెత్తబుట్టలు ఎత్తిన మనిషి ఆ పూట లాయరయింది.

నిజానికి అది నవంబరులోనే జరగాల్సింది. నా వల్ల ఆగింది. ఆ నాలుగు నెలల్లో ఏం పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు అక్షరం యాభై దాటాక వచ్చింది. తెలుగు అక్షరాలు మా పేటలో చర్చి పంతులమ్మ నేర్పింది. అమ్మాయి, అల్లుడు ఈ దేశానికి వస్తూ నన్నూ తమ కాగితాల్లో చేర్చి తీసుకొచ్చారు. కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం అర్థం కాదట. వాటికి అది నేర్పడానికి మా అల్లుడిలాంటి వాళ్ళని విమానాల మీద తెప్పించారు. నాకు అర్థం కానివి అంతకంటే ఎక్కువే ఉన్నాయి గానీ వాటికోసం ఎవర్నీ తెప్పించలేదు. మనవరాలు బడికి పోయేది. ఊరికే కూర్చోలేక నేను క్లీనింగు పనిలో చేరాను. మేముండే వెర్రిబీలో మొదటి రైలు ఎక్కితే, తర్వాతి స్టేషన్లో ఆమె ఎక్కేది. ఐదున్నరకల్లా సిటీలో ఒక కంప్యూటర్ కంపెనీలో ఉండేవాళ్ళం. గోడ మీద రెండువేల సంవత్సరానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్క వేసిన అట్ట, బల్లల మీద పీజా పెట్టెలు. ఎనిమిదికల్లా అన్నీ తుడిచేయాలి.

ఆమెది జింబాబ్వే. నన్ను మా ఊళ్ళో కర్రిదానా అని పిలిచేవాళ్ళు. నాకంటే నల్లని మనిషిని చూసి మొదటిరోజు లోపల కాస్త సంతోషించాను. చెడ్డ సంతోషమే, కానీ ఉంది. నాకంటే పాతికేళ్ళు చిన్నది. వాళ్ళ దేశంలోనూ పెద్దదాన్ని ఆంటీ అనే అంటారట. మాట్లాడింది ఇంగ్లీషే అయినా నా చెవికి ఆమె మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

వాళ్ళ రాజధాని హరారేలో తొమ్మిదేళ్ళు లాయరు పని చేసిందని నాకు మూడు నెలల దాకా తెలియదు. ఒకరోజు టీ గదిలో లావుపాటి పుస్తకం పెట్టుకుని కూర్చుంటే, "బైబిలా?" అని అడిగాను.

"కాదు ఆంటీ. బైబిల్లో ఒక్క మోషే చట్టమే ఉంది. ఇందులో ఊరంతటి చట్టం ఉంది."

అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టి మిషన్ బడిలో చదివించింది. భర్త పోగానే అత్తింటివాళ్ళు పొలం లాక్కున్న ఆడవాళ్ళ తరఫున ఈమె కోర్టులో నిలబడేది. ఇక్కడికొచ్చాక ఆ తొమ్మిదేళ్ళు తీసి పక్కన పెట్టి, కొన్ని సబ్జెక్టులు మళ్ళీ చదవమన్నారు. సాయంత్రాలు చదివింది. లాయరు ఆఫీసులకు అర్జీలు పెడితే ఒకాయన, మీకు చదువు ఎక్కువైందన్నాడట. ఇంకొకాయన ఫోన్లెత్తే పనుంది చేస్తావా అన్నాడట. చివరికి ఆ మరుసటి జనవరి నుంచి బీదవాళ్ళకు ఉచితంగా చూసే న్యాయ కేంద్రంలో, జీతం లేకుండా వారానికి రెండు మధ్యాహ్నాలు కూర్చునేది. అక్కడి పెద్ద లాయరు ఈ దేశపు మనిషే, ఆదివాసీ ఆడమనిషి. ఇద్దరూ కలిసి మొదటిసారి చిన్న కోర్టుకు వెళ్తే, గుమ్మం దగ్గర మనిషి ముద్దాయిలు కూర్చునే బెంచీ చూపించాడట.

"మరి మీరేమన్నారు?"

"నేను నోరు తెరిచేలోపే ఆవిడ కోటు సర్దుకుని, నీకిది మొదటిసారి, నాకు ఇరవయ్యోసారి, నడువు అంది."

చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది ఆమే. ఆ పది నిమిషాల టీ విరామంలో, కంప్యూటర్లవాళ్ళు పారేసిన కాగితాల వెనకవైపు. "చీపురు పట్టినట్టు పట్టకు ఆంటీ, పెన్నేం పారిపోదు" అనేది. మొదట మందుసీసాల మీద పేర్లు చదివాను, తర్వాత స్టేషన్ల బోర్డులు, ఆ తర్వాత నా సంతకం. సంతకం కుదిరిన రోజు ఆమె సంచిలోంచి కేకు తీసి సగం పెట్టింది.

ప్రతి ఆదివారం వాళ్ళమ్మకు ఫోన్ చేసేది. ఆ తల్లికి గుండె జబ్బు. ప్రతిసారీ ఒకటే అడిగేదట: "అక్కడి జడ్జీలు నిన్ను లాయరన్నారా లేదా?" నవంబరులో అంటారమ్మా, అని ఈమె. అప్పటిదాకా ఉంటాలే, అని తల్లి.

అక్టోబరులో ఒకరోజు నా ముందు ఒక కాగితం పెట్టింది. లాయరుగా తీసుకోవాలంటే మనిషి మంచిదని ఇద్దరు ప్రమాణం చేసి రాయాలట. ఏడాదికి పైగా తెలిసినవాళ్ళు కావాలి. ఒకరు వాళ్ళ పాస్టరుగారు. న్యాయ కేంద్రం ఆవిడకు ఈమె పరిచయమై ఏడాది నిండటానికి జనవరి రావాలి. రెండో మనిషిని నేనే. నెమ్మదిగా చదివి వినిపించింది. ఈమె నాకు ఏడాదిన్నరగా తెలుసు, అబద్ధమాడదు, అని రెండు పేరాలు.

"శనివారం పదింటికి వెర్రిబీ పోలీస్ స్టేషన్‌కి రండి ఆంటీ. అక్కడి అధికారి ముందు సంతకం పెట్టాలి. సోమవారం కాగితాలు ఇచ్చేయాలి."

పోలీస్ స్టేషన్ అనగానే బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాను. సరేనన్నాను.

మా నాన్న చేత ఒకసారి కరణం అరుగు మీద, బావికి అర్జీ అని చెప్పి వేలిముద్ర వేయించారు. పంట కోసే నాటికి అది అమ్మకం కాగితమైంది. అడగడానికి వెళ్తే స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టారు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక మాట ఉంది: ఆకలేస్తే అన్నం అడుక్కో గానీ, వేలు మాత్రం ఎవరికీ ఇవ్వకు.

ఇంట్లో చెప్తే అల్లుడు కంచం ముందునుంచి లేచాడు. "అత్తయ్యా, మీకు బుర్ర ఉందా? మన సిటిజన్‌షిప్ ఫైలు పెండింగ్‌లో ఉంది. రేపు ఆమె మీద ఏదైనా కేసొస్తే మీ పేరే వస్తుంది. అసలు ఆ నల్లవాళ్ళతో మనకెందుకు?"

"మనమేం తెల్లగా ఉన్నామా బాబూ?" అన్నాను.

అమ్మాయి నవ్వాపుకుంది గానీ, "వద్దులేమ్మా, ప్లీజ్, అవాయిడ్ చేసేయ్" అంది.

అల్లుడి మీదకు నెట్టేస్తే సుఖంగా ఉంటుంది. నెట్టను. అతను ఊఁ అన్నా నేను వెళ్ళేదాన్ని కాదు.

శనివారం పది అయింది. బియ్యంలో రాళ్ళు లేకపోయినా చేట తీసి ఏరుతూ కూర్చున్నాను. పదకొండింటికి ఫోన్ మోగింది. మనవరాలు ఎత్తి, "నానమ్మమ్మా, ఇట్స్ యువర్ ఫ్రెండ్" అంది. దానికి అమ్మమ్మ, నానమ్మ కలిసిపోయి అలాగే పిలిచేది. నేను చెయ్యి ఊపాను. "షీ ఈజ్ నాట్ హోమ్" అని ఆ పసిది నాకోసం అబద్ధమాడింది. పోలీస్ స్టేషన్ బయట ఆమె ఎండలో గంటసేపు నిలబడిందని తర్వాత తెలిసింది.

సోమవారం రైల్లో నా పక్కనే కూర్చుంది. తిడుతుందని చూశాను. "ఒంట్లో బాగుందా ఆంటీ?" అంది. జ్వరమొచ్చిందన్నాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉన్న నుదురు. టీ గదిలో ఎప్పట్లాగే కాగితం తిప్పి, శుక్రవారం నాటి అక్షరాలు రాయమంది.

నవంబరు వెళ్ళిపోయింది. తర్వాతి విడత మార్చిలోనే. ఆదివారం ఫోన్లో, మార్చిలో అంటారమ్మా, అని చెప్పిందట.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకు ఏమీ కాలేదు. గోడ మీది అట్టను నేనే చించి బుట్టలో వేశాను. ఆ నెలాఖరుకు అల్లుడి కాంట్రాక్టు అయిపోయింది. ఏ కాగితం మీదా నేను సంతకం పెట్టకుండానే.

జనవరి మూడో వారంలో ఒక పొద్దున ఆమె ఒకే చోట మాపు పెట్టి రుద్దుతోంది. తుడిచిందే తుడుస్తోంది. దగ్గరికెళ్ళాను.

"అమ్మ పోయింది ఆంటీ. నిన్న."

మాపు చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించాను. అక్కడే నేల మీద కూర్చోబెట్టి, జ్వరం అబద్ధమని చెప్పాను. మా నాన్న వేలు గురించి, ఫోన్ గురించి, చేట గురించి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి చెప్పాను. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ పూట ఆమె దగ్గర ఇంకొకటి అడిగే మొహం నాకు లేదు.

తడి చేతులు బట్టలకు తుడుచుకుంది. "నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళందరూ వేలిముద్రకు భయపడినవాళ్ళే. మీ భయం నేను కనిపెట్టాల్సింది" అంది. తర్వాత, "స్టేషనే కానక్కర్లేదు ఆంటీ. లైబ్రరీలో ఒక పెద్దాయన సంతకాలకు సాక్షిగా శనివారాలు కూర్చుంటాడు. ఆయన ముందైనా సరిపోయేది. ఒక్క మాట చెప్పాల్సింది" అంది.

లైబ్రరీ మా ఇంటికి రెండు వీధుల అవతల. ఇప్పటికీ ఆ దారిన వెళ్ళను.

ఫిబ్రవరిలో రెండో కాగితం మీద ఆదివాసీ ఆవిడ సంతకం పెట్టింది. కోర్టు రోజుకు నన్ను రమ్మని ఆమే పిలిచింది. మనస్ఫూర్తిగా పిలిచిందో, పెద్దదాన్నని పిలిచిందో అడగలేదు. అల్లుడితో చెప్పకుండా, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళాను.

జడ్జీల ముందు ఆదివాసీ ఆవిడ లేచి, ఈమెను లాయరుగా తీసుకోవాలని అడిగింది. జడ్జి సరేనన్నాడు. అంతే, చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పెద్ద పుస్తకంలో సంతకం పెట్టడానికి ఆమె వంగినప్పుడు పెన్ను కాగితానికి కాస్త పైన ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. తర్వాత పెట్టింది.

ఆ రోజు వచ్చినవాళ్ళ పేర్లన్నీ, ఆమె నేర్పిన అక్షరాలతోనే, రైలు టికెట్టు వెనక రాసుకున్నాను. అది ఇంకా నా బైబిల్లో ఉంది. కానీ ఒకరి పేరు కాగితం మీద పెట్టే ముందు వాళ్ళని అడగాలని ఆమె చెప్పేది, అందుకని ఇక్కడ పేర్లు పెట్టను. మనుషుల్ని చెప్తాను. ముగ్గురు జడ్జీలు. పేర్లు చదివిన గుమాస్తా. నల్ల గౌనులో ఆదివాసీ ఆవిడ. పాస్టరుగారు, ఆయన భార్య. కంప్యూటర్ కంపెనీలో మాతో పాటు పనిచేసిన హైదరాబాదు ముస్లిం చెల్లి, పని బట్టల్లోనే. ముందు వరుసలో ఖాళీగా వదిలేసిన ఒక కుర్చీ, దాని మీద ఆమె తల్లి కుట్టిన నీలం స్కూలు గౌను, మడతపెట్టి. చివరి బెంచీలో నేను.