గోడవైపు తిరిగే మనిషి

మా బావను వీధిలో అందరూ గోడమాస్టారు అంటారు. ఆయన మాస్టారేమీ కాదు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. గోడ మాత్రం నిజం. ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టడానికి కీబోర్డు మీద చెయ్యి పెట్టారంటే చాలు, కుర్చీతో సహా గోడవైపు తిరిగిపోతాడు. "కొట్టేశారా?" అని అడిగి, "కొట్టేశాం" అన్నాకే ఇటు తిరుగుతాడు. పెద్దవాళ్ళు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఐదు నిమిషాలు తీసుకున్నా అంతసేపూ ఆ గోడనే చూస్తాడు. తేమకి పెచ్చులూడిన సున్నం తప్ప దాని మీద చూడడానికేమీ లేదు.

"మీ రహస్యాలు నాకెందుకండీ, నా బుర్రలో ఉన్నవే నాకు ఎక్కువైపోయాయి" అంటాడు ఎవరైనా నవ్వితే.

షాపు రెండు గదులు. వెనక గదిలో బావ, ఆయన స్క్రూడ్రైవర్లు, మూతలు తీసేసి పొట్ట కనబడుతున్న కంప్యూటర్లు. ముందు గదిలో కౌంటరు దగ్గర మా అక్క, ఆమె ముందు ఫోను. తలుపు పక్కన ప్రింటరుతో నేను. ఎవరికైనా దరఖాస్తులు టైపు చేయాలన్నా, కాగితాలు తీయాలన్నా నా దగ్గరికే. రెండు నెలలు సాయం చేద్దామని వచ్చాను, పదకొండేళ్ళయింది. నా నోరు కొంచెం పెద్దదని అందరూ అంటారు, నేను కాదనను.

నిజం చెప్పాలంటే షాపు నడిచింది మా అక్క గొంతు మీద. సగం మంది కంప్యూటరు మోసుకొచ్చే పని లేకుండా ఫోన్లోనే బాగుచేసేది. నెట్ రావడం లేదని ఎవరైనా గగ్గోలు పెడితే, "రౌటరు తీగ పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టండి. పైకే లెక్కపెట్టండి, నాకు వినబడాలి" అనేది. ఎందుకంటే అందరూ మూడు దాకా లెక్కపెట్టి పెట్టేస్తారు. పళ్ళ డాక్టరుగారంతటి మనిషి కూడా ఫోన్లో బడిపిల్లాడిలా ఒకటి, రెండు, మూడు అని వప్పజెప్పేవాడు. ఒకసారి ఆయన దగ్గర రెండు కంప్యూటర్లకి ఒకే అడ్రసు పడి, ఒకటి పనిచేస్తే రెండోది మొరాయించేది. "రెండిళ్ళకి ఒకటే డోర్ నంబరు ఇచ్చారు డాక్టరుగారూ, పోస్టుమాన్ పాపం ఏం చేస్తాడు?" అంది అక్క. వెనక గదిలోంచి బావ నవ్వు వినబడింది. ఆమె మాట్లాడుతుంటే ఆయన పని ఆపి వినేవాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

బావకి ఇంకో పట్టుదల కూడా ఉంది. డబ్బు కట్టి కొన్న కీ లేకుండా విండోస్ వెయ్యడు. "ఏదో ఒకటి వేసెయ్యండి, తెర మూలన ఆ యాక్టివేట్ చేయమనే రాత ఉంటే ఉండనీ" అని బతిమాలినా వెయ్యడు. వచ్చిన మనిషి మొహం మాడ్చుకుని పక్క వీధికి పోయేవాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. అక్క మాత్రం ఆయన పక్షమే. పైగా కౌంటరు కంప్యూటరుకి విండోస్‌లో చవక రకం హోమ్ కాదు, ఖరీదైన ప్రో కొనాలని పట్టుబట్టింది.

"హోమ్ చాలదా?" అన్నాను.

"ప్రోలో అయితే ఫోల్డరుకి తాళం వేసుకోవచ్చట, మీ బావ చెప్పాడు. నువ్వు కనబడ్డవన్నీ కెలుకుతావు" అంది.

ఆ తాళం ఎలా వెయ్యాలో బావే దగ్గరుండి నేర్పాడు. ఎక్కడ నొక్కాలో, ఏ గడిలో టిక్కు పెట్టాలో చూపించాడు. ఒకసారి వేశాక ఆ ఫైళ్ళు ఆమె పాస్‌వర్డుతో లోపలికెళ్ళినవాళ్ళకే తెరుచుకుంటాయి. ఆమె తన పాస్‌వర్డు కొట్టబోతే ఆయన అలవాటుగా గోడవైపు తిరిగాడు. కట్టుకున్న పెళ్ళాం దగ్గర కూడా ఇదేం చోద్యమని అక్క పడిపడి నవ్వింది.

పోయిన ఏడాది అక్క గొంతులో జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు గానీ మాట పోతుందన్నారు. అక్క ఏడవలేదు. ఆపరేషన్ ఇంకా రెండు వారాలుందనగా, రోజూ పొద్దున్నే మాకంటే గంట ముందు షాపుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను తొందరగా వెళితే తలుపు మూసుంది. తోసి చూస్తే లోపల ఆమె మైకు పెట్టుకుని మాట్లాడుతోంది.

"మీ బావకి చెప్పావంటే చంపేస్తా" అంది నన్ను చూసి. "ఆయన కోసం కొన్ని మాటలు రికార్డు చేస్తున్నా. ఆపరేషన్ అయ్యాక ఆయన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ నేనే కొట్టి వినిపిస్తా. అప్పటికి నాకు మాట ఉండదుగా. ఆయన మొహం చూస్తూ కూర్చుంటా."

ఆ తర్వాత తెర వైపు చూసి, "ఇదేదో ఈ ఫోల్డరు తాళం తెరిచే కీని వేరేచోట కూడా దాచుకోమంటోందే. ఒక పెన్‌డ్రైవ్ ఉంటే ఇలా పడెయ్" అంది. మూత విరిగిన నీలం పెన్‌డ్రైవ్ ఒకటి చేతికందితే విసిరాను. అంతే, ఆ సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

మాట పోతుందన్నారు. మనిషే పోతుందని ఎవరూ అనలేదు. ఆపరేషన్ అయిన నాలుగో రోజున అక్క పోయింది.

ఆ మాటల సంగతి బావకి నేనే చెప్పాను. "ఇప్పుడు కాదు చిన్నమ్మాయ్, ఇప్పుడు వింటే నేను తట్టుకోలేను" అన్నాడు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఫోను నేను తీస్తున్నాను. "అమ్మగారు లేరా?" అంటారు అటువైపు. పళ్ళ డాక్టరుగారైతే ఇప్పటికీ నేను అడక్కుండానే పది లెక్కపెడతాడు.

ఒకరోజు కౌంటరు కంప్యూటరు హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలెట్టింది. ఆ చప్పుడు వింటే బావ ఎవరికైనా ఒకటే చెబుతాడు, ముందు లోపలున్నవి ఇంకోచోటికి తీసిపెట్టుకోండి అని. ఊరందరికీ చెప్పే మనిషి తన షాపులో కాపీ ఉంచుకోలేదు. కొత్త డిస్కు తెచ్చి, అక్క ఫోల్డరు దానిలోకి మార్చబోతే కుదరదు పొమ్మంది. అక్క పేరు మీద లోపలికి వెళ్ళాల్సిందే. పాస్‌వర్డు మాకిద్దరికీ తెలియదు. ఆమె పుట్టినరోజు, ఆయన పుట్టినరోజు, షాపు ఫోను నంబరు అన్నీ కొట్టి చూశాడు.

"పన్నెండేళ్ళు పక్కన కూర్చుని కొట్టింది కదా బావా, ఒక్కసారైనా కంటపడలేదా?"

"అటు తిరిగుండేవాణ్ణి కదా" అన్నాడు.

ఇక్కడ జరిగింది నా కళ్ళతో చూశాను. ముందు గదిలో నలుగురు కూర్చుని ఉన్నారు, ఫోను మోగుతోంది, డిస్కు టిక్కుటిక్కుమంటోంది. పాస్‌వర్డు మర్చిపోయామని వచ్చేవాళ్ళు మాకు రోజుకి ఇద్దరైనా ఉంటారు. బావ అన్నీ మార్చే అధికారమున్న ఇంకో ఖాతాలోంచి వెళ్ళి, పాతది తీసేసి కొత్తది పెట్టి పంపిస్తాడు. రెండు నిమిషాల పని. ఆ రోజు ఆయన చేతులు ఆ పనే చేశాయి. అక్క పేరు మీద నొక్కాడు, కొత్త పాస్‌వర్డు పెట్టమన్నాడు. తెర మీద హెచ్చరిక వచ్చింది. ఆ హెచ్చరిక రోజూ వచ్చేదే, రోజూ సరే అని నొక్కేదే. నొక్కాడు.

అక్క తెర తెరుచుకుంది. ఫోల్డరులో పదిహేడు ఫైళ్ళు, ఒక్కోదాని మూలన చిన్న తాళం బొమ్మ. పేర్లు మాత్రం చక్కగా కనబడుతున్నాయి. మొదటిది 'ముందు ఇది విను'. ఇంకోటి 'జ్వరం వస్తే'. ఇంకో దాని పేరు 'చెల్లితో గొడవ పడ్డప్పుడు'. బావ మొదటిదాని మీద నొక్కాడు. అనుమతి లేదంది. రెండోది నొక్కాడు. పదిహేడూ నొక్కాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తాళం వెయ్యడం నేర్పింది తనేనని. తాళం వేసిన ఖాతాకి పాస్‌వర్డు బయటినుంచి మారిస్తే లోపలి కీ పనికిరాకుండా పోతుంది. ఆ హెచ్చరికలో రాసి ఉన్నది అదే. ఇరవై ఏళ్ళలో ఏ ఒక్కరూ ఆ తాళం వేసుకుని రాలేదు, ఆయనకి ఆ హెచ్చరిక చదివే అవసరం పడలేదు. హోమ్ కొనుక్కుని ఉంటే ఆ సదుపాయమే ఉండేది కాదు.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఊళ్ళో వాళ్ళందరికీ చదివి నొక్కండి, చదివి నొక్కండి అని పాఠాలు చెబుతావే, నీకు కళ్ళు లేవా? దాని గొంతు అదొక్కటే మిగిలింది బావా!" అని అందరి ముందూ అరిచాను. అక్కడితో ఆగానా, ఆ సాయంత్రం మా అమ్మతో ఫోన్లో, "ఈ మహానుభావుడు దాన్ని రెండోసారి చంపాడు" అన్నాను. వెనక గదిలో బావ ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ డిస్కులోని ప్రతి ముక్కా ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి ఎక్కించాడు. అడిగినవాళ్ళకి పనులు చేసి పంపాడు, పాస్‌వర్డు కొట్టేవాళ్ళకోసం గోడవైపు తిరిగాడు. అన్నం తిన్నాడో లేదో నేను అడగలేదు.

పదో రోజు తనే వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "రెండే దార్లున్నాయి చిన్నమ్మాయ్. అక్క పాత పాస్‌వర్డే మళ్ళీ పెడితే తెరుచుకుంటాయి. లేదా తాళం వేసినప్పుడు, కీని వేరేచోట దాచుకోమని ఒక సందేశం వస్తుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరనుకో. అక్క గానీ పట్టించుకుని ఉంటే..."

ఆ మాట పూర్తికాకుండానే నేను కౌంటరు సొరుగు లాగాను. మూత విరిగిన నీలం పెన్‌డ్రైవ్ అక్కడే ఉంది. దాని మీద కాగితం ముక్క అంటించి ఉంది, నా చేతిరాతతో. 'విండోస్ వెయ్యడానికి'.

అక్క పోయిన వారంలో బావ షాపుకి రాలేదు. బడి నుంచి ఒక కంప్యూటరు తెచ్చి అర్జెంటుగా విండోస్ వెయ్యమని పీకల మీద కూర్చున్నారు. అంత పని నాకూ వచ్చు. సొరుగులో చేతికందిన పెన్‌డ్రైవ్ తీసుకుని, దానిలోకి విండోస్ ఎక్కించాను. ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, పరవాలేదా అని అడిగింది. పరవాలేదన్నాను. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు దాన్నే వాడాను.

ఇప్పుడు వెనక్కి తిప్పి చూశాను. అటుపక్క చిన్న అక్షరాలతో అక్క రాసిపెట్టింది. 'చెరపొద్దు'. అది నాకోసమే రాసింది. కెలికేది నేనే కదా.

దాచేద్దామనిపించింది, అబద్ధమెందుకు. బావకి తెలియదు, ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ అందరి ముందూ ఆయన్ని నేనన్న మాటలు నన్ను దాచనివ్వలేదు. పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పేశాను. ఆయన ఇటూ అటూ తిప్పి రెండు రాతలూ చదివాడు.

"నువ్వూ చదవలేదా?" అన్నాడు. దెప్పుతూ అనలేదు. తోడు దొరికినట్టు అన్నాడు, అదే నన్ను కోసేసింది. ఆ తర్వాత కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. ఎవరూ పాస్‌వర్డు కొట్టడం లేదు. చాలాసేపు ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. 'చెల్లితో గొడవ పడ్డప్పుడు' ఏం వినాలో చెప్పి పెట్టింది మా అక్క, అది మా ఎదురుగానే ఉంది, మాకు వినే దారి లేదు.

చెరిగినవాటిని వెతికి తీసే పద్ధతులన్నీ బావ ఆ పెన్‌డ్రైవ్ మీద వాడి చూశాడు. రెండు రోజులు కూర్చున్నాడు. విండోస్ ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు.

ఇక మిగిలింది పాత పాస్‌వర్డు ఒక్కటే. రోజూ పొద్దున్న షాపు తెరవగానే బావ కౌంటరు దగ్గర అక్క కుర్చీలో కూర్చుంటాడు. రాత్రంతా ఆలోచించి ఒక మాట పట్టుకొస్తాడు. ఆమె మొదట చదివిన బడి పేరు, వాళ్ళు మొదట అద్దెకున్న ఇంటి నంబరు, అలాంటివి. దాన్ని పాస్‌వర్డుగా పెట్టి, అక్క పేరుతో లోపలికెళ్ళి, మొదటి ఫైలు మీద నొక్కుతాడు. రోజుకి ఒక్కటే. అన్నీ ఒకేరోజు కొట్టేస్తే రేపటికి ఏమీ మిగలదంటాడు.

ఆయన కీబోర్డు మీద చెయ్యి పెట్టగానే నేను గోడవైపు తిరుగుతాను. ఆ మాట వాళ్ళిద్దరిదీ, నేను చూడకూడదు. తిరిగి, పది లెక్కపెడతాను. పైకే లెక్కపెడతాను, వినబడేలా. పది అయ్యాక కాసేపు ఆగుతాను.

"కొట్టేశావా బావా?" అంటాను.

"కొట్టేశాను" అంటాడు.

షాపులో ఇంకే గొంతూ వినబడదు. నేను ఇటు తిరిగి ఫోను తీస్తాను.