నరంలోకి దిగిన తర్వాత

మా అక్క మొగుణ్ణి కుక్కపిల్ల కరిచిన రోజున నేను ద్వారకా నగర్‌లోని కోచింగ్ సెంటర్‌లో బయాలజీ క్లాసు చెప్పడానికి మెట్లెక్కుతున్నాను. యారాడ ఒడ్డు నుంచి బావ ఫోన్ చేశాడు. వల బాగుచేసుకుంటుంటే పక్కనే తిరుగుతున్న కుక్కపిల్ల చెయ్యి పట్టేసిందట.

"సిన్నదే బామ్మర్దీ, రెండు పళ్లు దిగినాయంతే. ఏటి సెయ్యమంటావ్?"

"సబ్బెట్టి బాగా కడిగేసి, ఆస్పత్రికెళ్లి సూది ఏయించుకో బావా," అని పెట్టేశాను. గాయం చుట్టూ వేసే మందు ఇంకోటి ఉందని, అది కూడా అడిగి వేయించుకోమని చెప్పలేదు. తెలియక కాదు. క్లాసుకు ఆలస్యమవుతోందని.

అతను ఒక్క సూది వేయించుకున్నాడు. చేపలు బాగా పడుతున్నాయని బోటెక్కేశాడు. మిగతా సూదుల సంగతి నేనూ అడగలేదు.

నెలన్నర దాటాక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, సెయ్యి తిమ్మిరంతన్నాడు. పొద్దున్న నీళ్లిత్తే గొంతు పట్టేసింది. గ్లాసు సూత్తేనే వణికిపోతన్నాడు."

అది రేబిస్ అని నాకు అర్థమైపోయింది. అయినా స్కూటర్ మీద యారాడ కొండెక్కుతూ, గొంతు వాపేమోలే అని పదిసార్లు అనుకున్నాను.

ఆస్పత్రికి తీసుకెళ్తే బావను వేరే గదిలో ఉంచారు. గాలి తగిలితే ఉలిక్కిపడుతున్నాడని ఫ్యాను ఆపేశారు. నన్ను చూసి నవ్వబోయాడు.

"దాహమేత్తంది బామ్మర్దీ. నడిసముద్రంలో బోటు తిరగబడితే బయపడ్నేదు నాను. గ్లాసుడు నీళ్లకి బయమేటి?"

పెదాలు తడుపుదామని తడిగుడ్డ తీశాను. అదీ చూడలేక మొహం తిప్పేసుకున్నాడు.

వరండాలో అక్క నా చొక్కా పట్టుకుంది. "డాక్టర్లయ్యే పిల్లలకి సదువు సెప్తావు కదా. ఏదో ఒక మందు ఇమ్మను!"

ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. ఆ వైరస్ ఒంటి నిండా ముళ్లలాంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటితోనే అది నరం మీద పిడుల్లాంటి గ్రాహకాలను పట్టుకుని లోపలికి జొరబడుతుంది. గాయం చుట్టూ వేసే మందులో ఉండేవి యాంటీబాడీలు. అవి ముందే వెళ్లి ఆ ముళ్లను కప్పేస్తే వైరస్‌కి పట్టు దొరకదు. నరంలోకి దిగి మెదడు దాకా పోయాక మాత్రం, ఎంత మందిచ్చినా దాన్ని అందుకోలేదు.

అక్క నా చొక్కా వదిలేసింది. "అయితే అది ఆ రోజే ఏయించాల."

"అవును."

"ఆ రోజు నీకు ఫోన్ సేసినాడు కదరా."

మూడో రోజు మధ్యాహ్నం బావ పోయాడు.

దగ్గరుండి చూసుకున్నప్పుడు ఉమ్మి తగిలి ఉంటుందని డాక్టర్లు అక్కకూ సూదులు రాశారు. "నాకెందుకురా ఇప్పుడు?" అంది. బతిమాలి, కసిరి, ప్రతిసారీ నేనే తీసుకెళ్లాను. ఆఖరి సూదినాడు అక్క తన ఇంటి ముందు దిగి, నా వైపు చూడకుండానే, "అన్నం తినేసెల్లు," అంది.

కూర్చున్నాను. ఇద్దరం తినలేకపోయాం.