ఆగ్రా దాటని ఆవకాయ జాడీ

సుందరరామయ్య అంకుల్ కథ మొదలుపెడితే రెండు గంటల లోపు ఆపలేరు. గంటన్నర కాదు, రెండుంబావు కాదు, సరిగ్గా రెండు గంటలు. నమ్మకపోతే ఆర్.కె. పురంలో మా క్వార్టర్స్‌కి రండి. మా పై అంతస్తే. మెట్ల మీద దొరుకుతారు. అంటే మీరు ఆయనకి దొరుకుతారు.

ఉన్న కథ కూడా ఒక్కటే. 1984లో ఆయనకి ఢిల్లీలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. తెనాలిలో వాళ్లమ్మగారు ఓ పింగాణీ జాడీ నిండా ఆవకాయ పెట్టి, మూతికి గుడ్డ వాసెన కట్టి, కొడుకు ఒళ్లో కూర్చోబెట్టి, విజయవాడలో రైలెక్కించారు. ఆ జాడీ క్షేమంగా ఢిల్లీ చేరిందా, లేదా? ఇదీ కథ.

చేరిందో లేదో మా కాలనీలో ఎవరికీ తెలీదు. చివరిదాకా విన్న మనిషి లేడు మరి. మేం ఆ కథని స్టేషన్లతో కొలుస్తాం. మా నాన్న వరంగల్‌లోనే దిగిపోతారు. నేను పెద్దవాళ్లంటే గౌరవం ఉన్న పిల్లని కాబట్టి నాగపూర్ దాకా ఓర్చుకుంటాను. రికార్డు రాజగోపాల్ అంకుల్‌ది, భోపాల్. అప్పుడాయన కాలికి సిమెంటు కట్టు ఉంది.

తప్పించుకుందామన్నా దారి ఉండదు.

"ఏమ్మా ప్రణతీ, పరీక్షలయ్యాయా?"

"అయ్యాయంకుల్."

"పరీక్షంటే గుర్తొచ్చింది. ఆ రోజు విజయవాడ ప్లాట్‌ఫాం మీద మా అమ్మ..."

వాన గురించి మాట్లాడినా, మెట్రో గురించి మాట్లాడినా, గీజరు పాడైందని చెప్పినా చేరేది ఆ ప్లాట్‌ఫాం మీదకే. పైగా మధ్యమధ్యలో వాచీ చూసుకుంటారు, మనమేదో ఆయన్ని పట్టుకుని వదలనట్టు! మనం లేచి నిలబడగానే జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంటారు. లేచినవాళ్ల మీద కసి తీర్చుకునే లిస్టేమో అని నా అనుమానం.

చివరికి పై నుంచి ఆయన భార్య అనసూయ ఆంటీ గొంతే మమ్మల్ని కాపాడేది.

"అబ్బబ్బ, వదిలేయండి ఆ పిల్లని! క్లాసుకెళ్లాలి పాపం!"

ఆంటీ గవర్నమెంటు డిస్పెన్సరీలో నర్సు. నేను ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో న్యూట్రిషన్ చదువుతున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టుకి కడుపుతో ఉన్నవాళ్లకొచ్చే షుగరు గురించి రాయాలనుకుంటున్నానని చెప్తే ఆంటీ కళ్లు మెరిశాయి.

"శనివారాలు నోయిడా అవతల ఓ పల్లెలో మేం అదే పరీక్ష చేస్తాం. మాతో వచ్చేయ్."

"మేం అంటే ఎవరెవరాంటీ?"

"నేనూ, మీ అంకులూ. కారు తోలేది ఆయనేగా."

కారంటే గంటన్నర దారి. నడుస్తున్న కారులోంచి దిగిపోవడానికి వీల్లేదు. ప్రాజెక్టు టాపిక్ మార్చేద్దామా అని ఒక రాత్రంతా ఆలోచించాను.

వింత ఏమిటంటే, ఆ శనివారం అంకుల్ దారి పొడుగునా నోరు విప్పలేదు. నోయిడా టవర్లు అయిపోయి గోధుమ చేలు మొదలయ్యాయి, అయినా మాట లేదు.

"ఒంట్లో బాగాలేదా?" అని ఆంటీ చెవిలో అడిగాను.

"గొంతు దాచుకుంటున్నారు," అంది ఆంటీ.

ఆ ఊరి అంగన్‌వాడీ గదిలో అప్పటికే పదకొండు మంది గర్భిణులున్నారు. పరీక్ష చాలా సులువు. డెబ్బై అయిదు గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, సరిగ్గా రెండు గంటలకి వేలి మీద గుచ్చి రక్తం చూడాలి. నూట నలభై, లేదా ఆ పైన వస్తే షుగరున్నట్టే. కష్టమంతా మధ్యలో ఆ రెండు గంటలూ వాళ్లని కూర్చోబెట్టడంలోనే. ఇంట్లో బర్రెలుంటాయి, పొయ్యి ఉంటుంది, అత్త ఉంటుంది. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "అభీ ఆయీ దీదీ," ఇప్పుడే వస్తానక్కా అని వెళ్తారు. ఇక రారు.

ఆంటీ బెంగంతా బబ్లీ గురించి. ఇరవై రెండేళ్లుంటాయి. ఇది రెండో కాన్పు, ఏడో నెల నడుస్తోంది. మొదటి బిడ్డ నాలుగున్నర కిలోలు పుట్టింది. ఊరంతా లడ్డూలు పంచారు. మర్నాటికల్లా బిడ్డ రక్తంలో చక్కెర పడిపోయి వేలాడిపోతే పెద్దాసుపత్రికి పరిగెత్తారు. పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచి ఎలాగో నిలబెట్టారు. తల్లికి షుగరు ఉందేమోనని అప్పుడెవరూ చూడలేదు. ఈసారన్నా చూద్దామని ఆంటీ పిలిస్తే, మొదటి వారం బబ్లీ మధ్యలో వెళ్లిపోయింది. రెండో వారం అత్తగారు గ్లూకోజు ప్యాకెట్టు పట్టుకుని ఇంటికే వెళ్లిపోయింది.

ఆ అత్తగారి పేరు కమలేశ్. ఊరందరికీ తాయీ, అంటే పెద్దమ్మ. ప్యాకెట్టు ఏమైందని ఆంటీ అడిగితే తాయీ గర్వంగా చెప్పింది.

"అంత మంచి గ్లూకోజు ఒక్కదానికే ఎలా పోస్తాం? నిమ్మకాయ పిండి షర్బత్ చేశాను. మా ముసలాయన తాగాడు, మరుదులు తాగారు, పక్కింటి వాళ్లు తాగారు."

"మరి బబ్లీ?"

"దానికి మిగల్లేదు."

ఈసారి ఆంటీ తన చేత్తోనే తాగించింది. తాయీ గుమ్మంలోనే నిలబడి ఉంది, కోడలి చెప్పులు కూడా చేత్తో పట్టుకుని.

అప్పుడు అంకుల్ వచ్చి గది మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నారు. వాచీ చూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"బెహన్‌జీ, ఏక్ బార్ క్యా హువా, మా అమ్మ అచార్ పెట్టింది."

 పాపం, ఈ ఆడవాళ్లు ఏం పాపం చేశారు!

కానీ వరంగల్ వచ్చేసరికి గదిలో గుసగుసలు ఆగిపోయాయి. బల్హార్షాలో టికెట్ కలెక్టరు జాడీకి కూడా టికెట్ కావాలన్నాడు. ఆడవాళ్లు వాణ్ని తిట్టారు. తాయీ కూడా గుమ్మంలోంచే ఓ తిట్టు విసిరింది. గోడ పక్కన ఆంటీ, ఇరవై ఏళ్లుగా "ఆపండి" అనే ఆంటీ, రెండు చేతులూ సాగదీసి లాగండి, ఇంకా లాగండి అని సైగ చేస్తోంది.

గంట గడిచింది. నాగపూర్. తాయీ చెప్పులు కింద పడేసింది.

"చల్ బహూ. మగాళ్లు పొలం నుంచొచ్చే వేళైంది. రోటీలెవరు చేస్తారు?"

బబ్లీ లేవబోయింది. ఆంటీ మొహం వాడిపోయింది. ఇవాళ కూడా పోతే మళ్లీ ఎప్పుడో, అప్పటికి ఎన్ని నెలలొస్తాయో.

అంకుల్ తొణకలేదు.

"ఠీక్ హై తాయీ, వెళ్లిరండి. నాగపూర్‌లో మంచినీళ్లకి దిగి వచ్చేసరికి సీటు మీద జాడీ లేదు. ఎవరెత్తుకెళ్లారో వీళ్లకి చెప్తాలెండి."

తాయీ ఒక కాలు గుమ్మం బయటా, ఒకటి లోపలా పెట్టి ఆగిపోయింది.

"లేకపోవడమేంటి? బోగీలో ఎవరెవరున్నారు?"

"పై బెర్తులో ఓ సిపాయి. ఎదురుగా ఓ కొత్త కోడలు, వాళ్లత్త."

"అత్తే తీసింది," అంది చప్పున ఓ గర్భిణి. గది గొల్లుమంది.

"ఏం, అత్తలంటే అంత లోకువా?" తాయీ లోపలికొచ్చి చతికిలబడింది. "ఆ సిపాయిగాడి పెట్టె వెతికించావా, లేదా?"

"అదే చెప్తున్నా. ఆ పెట్టె ఎలాంటిదంటే..."

పెట్టె వర్ణన పన్నెండు నిమిషాలు పట్టింది. ఇటార్సీ దగ్గర తాయీ ఫోను మోగింది.

"రోటీలు మీరే చేసుకోండి!" అని అరిచింది ఫోనులో. "ఇక్కడ దొంగ దొరకలేదింకా!"

దొంగ దొరికాడు, జాడీ దొరికింది, ఝాన్సీలో మూత ఊడి మళ్లీ బిగిసింది. రైలు ఆగ్రా స్టేషన్లో ఆగింది. అంకుల్ వాచీ చూసుకుని లేచి నిలబడ్డారు.

"అనసూయా, కానీ."

పదకొండు మందీ వేళ్లు చాపారు. బబ్లీకి నూట డెబ్బై నాలుగు వచ్చింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టేసుకుంది. తాయీ నమ్మలేదు.

"షుగరు ముసలాళ్లకి కదా వచ్చేది?"

"ఇది కడుపులో బిడ్డున్నప్పుడు వచ్చేది. తెలిసింది కాబట్టి భయం లేదు తాయీ," అంది ఆంటీ. "తిండి మార్చుకుని, రోజూ నడిస్తే చాలామందికి అదుపులో ఉంటుంది. లేకపోతే మందుంది. నెయ్యి లడ్డూలు మాత్రం బంద్. రెండు వారాలకోసారి వచ్చి చూపించుకోవాలి."

"తీసుకొస్తాను," అని తాయీ అంకుల్ వైపు తిరిగింది. "ఆగ్రా తర్వాత ఏమైంది?"

"అది పురుడయ్యాక. ఆరు వారాలకి మళ్లీ ఇదే పరీక్ష ఉంటుంది, అప్పుడు చెప్తా."

తిరుగు దారిలో నేనే మొదలుపెట్టాను.

"అంకుల్, ఆ నోటు పుస్తకంలో ఏముంది?"

ఆయన సిగ్గుపడుతూ ఇచ్చారు. 'రాజగోపాల్ - భోపాల్ - వర్ణన ఎక్కువైంది.' 'ప్రణతి - నాగపూర్ - మూడుసార్లూ అక్కడే లేచింది. ఏదో ఒకటి జరగాలి.'

"నువ్వు అక్కడ లేచిపోతున్నావనే జాడీని దొంగతనం చేయించానమ్మా," అన్నారు. "మూడేళ్ల క్రితం ఊరికే కారు తోలుకుంటూ వచ్చి, తోచక ఈ కథ చెప్పాను. ఆ రోజు ఒక్కరూ మధ్యలో లేవలేదు. అప్పట్నుంచీ మీ ఆంటీ వదలదు. మీ మీద సరిచూసుకోకుండా ఇక్కడ చెప్తే ఎలా?"

మమ్మల్ని విసిగిస్తున్నాడనుకున్న మనిషి మా మీద రిహార్సల్స్ వేసుకుంటున్నాడన్నమాట!

బబ్లీ నడిచింది. తాయీ పక్కనే నడిచింది, కోడలు లడ్డూల వైపు చూస్తుందేమోనని కాపలా. రెండు వారాలకోసారి ఠంచనుగా వచ్చారు. జనవరిలో పాప పుట్టింది, రెండు కిలోల తొమ్మిది వందలు. లడ్డూ పంచేంత బరువు లేదని తాయీ కాసేపు అలిగిందట. కానీ బిడ్డ ఒక్కరోజు కూడా అద్దాల పెట్టెలోకి వెళ్లలేదు.

ఆరు వారాల పరీక్ష రోజున నాకు కాలేజీలో ప్రాక్టికల్స్ పడ్డాయి. సాయంత్రం ఆంటీకి ఫోన్ చేశాను.

"బబ్లీకి నార్మలొచ్చింది!"

"హమ్మయ్య! మరి జాడీ?"

"నేనెక్కడ విన్నానే? సూదులు చూసుకుంటూ ఉన్నాను."

తాయీకి ఫోన్ చేశాను. ఆవిడ పకపకా నవ్వింది.

"అంత ఊరికే చెప్పేస్తారా బేటీ? మా కోడలు బిడ్డని కంటే గానీ మాకే చెప్పలేదు!"

ఆదివారం పొద్దున్నే పై అంతస్తుకెళ్లి, ఫోను ఆఫ్ చేసి, అంకుల్ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"విజయవాడ నుంచి మొదలుపెట్టండంకుల్. ఢిల్లీ దాకా దిగను."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. అలవాటుగా వాచీ చూసుకోబోయి, దాన్ని విప్పి బల్ల మీద పెట్టేశారు.

"ఇవాళ ఎవరికీ రక్తం తీసేది లేదుగా," అన్నారు. "అయితే తీరిగ్గా చెప్తాను. మధ్యాహ్నం భోజనం ఇక్కడే చేసెయ్యి."