అవ్వ మొక్కులో గోధుమపిండి

మీరు మా అవ్వను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది చిన్న బరువే. పిడికెడు గోధుమపిండి. చిన్నదే అయితే ఇంతకాలం ఎందుకు దిగలేదు?

ఉద్యమం జోరు మీద ఉన్న రోజులవి. సమ్మెతో మా పాలిటెక్నిక్ మూతపడి, మరిపెడలో ఇంట్లోనే ఉన్నాను. మా నాయినమ్మను అవ్వ అంటాం. ఓ పొద్దున ఆమె దీక్షా శిబిరంలో అందరి ముందు సమ్మక్కకు మొక్కుకుంది. తెలంగాణ వచ్చేదాకా బువ్వ, జొన్న గటక, రొట్టె, ధాన్యంతో చేసింది ఏదీ ముట్టదట. పప్పు, కూర, పాలు, పండ్లతోనే ఉంటుందట. ఎవరూ నమ్మలేదు. ఆమె మాత్రం మాట మీద నిలబడింది. కానీ ఇంట్లో మేం బియ్యప్పిండి సకినాలు నములుతుంటే అవ్వ చూపు పళ్లెం మీదే ఉండేది.

పిండి లేని కేకు చేసి పెడతానన్నాను. చదివింది మెకానికల్. కేకు కూడా యంత్రం లాంటిదే అనుకున్నాను. పాత కుక్కరులో ఇసుక పరిచి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెడితే పొయ్యి మీదే బట్టీ తయారు. మగ్గిన అరటిపండ్లు, సపోటాలు, పల్లీల పొడి. అవ్వకు షుగర్ కాబట్టి బెల్లం బదులు ఖర్జూరం. గుడ్డు తినదు. మొదటిసారి జావలా వచ్చింది. తర్వాత అడుగు మాడి పైన పచ్చిగా ఉంది. ఇంకోసారి గిన్నె బోర్లిస్తే పొడిపొడిగా రాలింది.

నాయిన నవ్వాడు. "ఏందిరా, దీనికి గూడ సప్లిమెంటరీ రాస్తవా?"

అది తగిలింది. ఆ తర్వాత గోధుమపిండి డబ్బాలో చెయ్యి పెట్టాను. అవ్వ మీద ప్రేమతోనా? అలా చెప్పుకోవాలని చాలాసార్లు చూశాను. కానీ ఆ క్షణంలో నాకు ఆమె మొక్కు గుర్తుంది, సమ్మక్క గుర్తుంది, అయినా ముక్క కోస్తే విరగకుండా రావాలన్నదే పెద్దదైపోయింది. విరగకుండా వచ్చింది.

అవ్వ ఓ ముక్క తిని, మిగిలింది శిబిరానికి తీసుకుపోయి గర్వంగా పంచింది. వారం వారం చెయ్యమంది. ఓసారి బుద్ధి తెచ్చుకుని పిండి మానేశాను. కేకు రాలిపోయింది. "గియ్యాల మనసు వెట్టి చెయ్యలేదు నువ్వు" అంది. మళ్లీ కలిపాను.

రాష్ట్రం వచ్చిన రోజు వాడకట్టు ఆడవాళ్లు అన్నం, పప్పు తెచ్చారు. "గిన్నొద్దులు ఎట్ల ఉన్నవే అవ్వా?" అని ఒకామె అడిగింది.

"నాదేమున్నది బిడ్డా. గీ పోరడు పండ్లతోటి నా మొక్కు నిలవెట్టిండు."

మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోట్లో అన్నం ఉందన్నది సాకు. మింగడానికి ఎంతసేపు పడుతుంది?

ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ ఆ మొక్కు కథ చెబుతుంది. నేను పక్క గదిలోకి జారుకుంటాను. నిజం తెలిస్తే పడీ పడీ నవ్వుతుందో, సమ్మక్క తల్లికి బాకీ పడ్డానని మళ్లీ బువ్వ మానేస్తుందో తెలియదు. ఆమె మీద దయతో దాచానా, భయంతోనా? భయంతోనే.

అవ్వకు చదువు రాదు. మీలో ఎవరైనా మరిపెడ దిక్కు పోయి ఇది చదివి వినిపిస్తే కాదనను. పిండి కలిపిన, అవ్వా. ఒక్కసారి తప్ప అన్నిసార్లూ కలిపిన.