సంగంలో దిగిన గొంతు

అల్లూరు బస్టాండు పక్కన దాటుగది పెట్టేనాటికి నేను నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మా ఆయనకు అల్లూరు అవతల రొయ్యల చెరువుంది. చెరువు వదిలి ఆయన రాలేడు, ఉద్యోగం వదిలి నేను పోలేను. అందుకని వారమంతా నెల్లూరులో ఒక చిన్న గదిలో ఉండి, శనివారం డ్యూటీ దిగి బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆదివారం చర్చికి పోయి వచ్చి, ఆయనకు వారానికి సరిపడా పొడులూ పచ్చళ్లూ చేసిపెట్టి, సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సెక్కేదాన్ని. అలా ఏళ్లు గడిచాయి. పెద్ద సుఖమేమీ లేదు గాని అలవాటైపోయింది.

దాటుగది వచ్చాక ఆ ఏర్పాటంతా పోయింది.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. దాటుగది అంటే ఒక మనిషి నిలబడేంత గది. లోపల తెల్ల పలకలు, ఒక ఇనుప తలుపు, గోడమీద ఊళ్ల పేర్లతో మీటలు. అల్లూరులో లోపలికి పోయి నెల్లూరు మీట నొక్కితే, తలుపు తీసేసరికి నెల్లూరు. సంగం నొక్కితే సంగం. కళ్లు మూసి తెరిచినంత సేపు కూడా పట్టదు. మొదట్లో జనం చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాళ్లు, తీరా అటు దిగాక ఒట్టి కాళ్లతో నిలబడి తిట్టుకునేవాళ్లు. ఎవరో తలుపుకు నిమ్మకాయలు కట్టారు. మా చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, తనే ముందుగా దాటి చూపించారు.

గదికి కొన్ని గుణాలున్నాయి. పెరుగు గిన్నెతో దాటితే అటు మజ్జిగై తేలుతుంది. రొయ్యలు కుడివైపు ముడుచుకుని పోయి ఎడమవైపు ముడుచుకుని దిగుతాయి. రొయ్య ఎటు ముడుచుకుంటే ఏముందని వ్యాపారులు పట్టించుకోలేదు. మనుషులకు మాత్రం ఒకటే ఇబ్బంది. మనిషి ముందు చేరతాడు, గొంతు కాస్త వెనక వస్తుంది. దిగినవాళ్లు బయట బల్లమీద కూర్చుని, దగ్గి చూసుకుని, గొంతు వచ్చాక లేచి తమ దారిన పోతారు. దీనికి అందరం తొందరగానే అలవాటుపడ్డాం.

రోజూ ఇంటికి రాగలిగినప్పుడు నెల్లూరులో ఇంకా గది దేనికని మా ఆయన అడిగాడు. అదీ నిజమే అనిపించి ఖాళీ చేశాను. ఆ మాట విని సంగంలో ఉన్న మా అక్క సంతోషించింది. బావకు షుగరు. కాలిమీద పుండు లేచి ఎంతకీ మానడంలేదు. రోజూ కడిగి కట్టు కట్టాలి. అక్క రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే మనిషి. దాటితే అడుగు దూరమే గదా, రోజుకొకసారి వచ్చి కట్టిపొమ్మంది. సరే అన్నాను.

అప్పటినుంచి నా రోజు ఇలా ఉండేది. తెల్లవారకముందే లేచి వంట, చెరువుకాడ పనివాళ్లకు అన్నం. నెల్లూరుకు దాటి డ్యూటీ. మధ్యాహ్నం అందరూ అన్నం తినే వేళకు సంగం దాటి బావ కాలు కడగడం, మళ్లీ నెల్లూరు. డ్యూటీ దిగి ఇంటికి దాటేలోపల అక్క ఫోను, మా ఆయన ఫోను, చర్చిలో స్త్రీల కూడిక వాళ్ల ఫోను. ఒకరికి జ్వరమని, ఒకరికి మాత్రలు అర్థంకాలేదని. దూరమని నేను అనలేను, ఎవరూ అననివ్వరు. దూరమే లేదు గదా. ఎవరు పిలిచినా నా నోట వచ్చే మాట ఒకటే: "వస్తన్నా."

ఒళ్లు అలిసిపోయేది. ఎంత నిద్రపోయినా తీరని అలసట. వార్డులో ఒక పెద్దామె చేతికి సెలైను సూది పెడుతూ నిలబడే కునికాను. ఆమె నన్ను తట్టి, "నువ్వు పడుకోమ్మా, నేను లేస్తా" అంది. నవ్వుకుంటూ అక్కడినుంచి వచ్చేశాను గాని, మందుల గదిలోకి పోయాక కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

అది జరిగింది ఎండాకాలంలో. ఆ సాయంత్రం డ్యూటీ దిగి నెల్లూరు దాటుగది ముందు వరసలో నిలబడ్డాను. అక్క ఫోన్ చేసింది. మధ్యాహ్నం కట్టిన కట్టు తడిసిపోయిందట, ఒక్కసారి వచ్చి మార్చిపొమ్మంది. వస్తన్నానన్నాను. ఆ ఫోను పెట్టానో లేదో మా ఆయన చేశాడు. చెరువులో గాలి కొట్టే మోటారు కాలిపోయిందట, మెకానిక్కులు వచ్చారట, వాళ్లకు వంట చెయ్యాలట. ఆయనకూ వస్తన్నానన్నాను. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. చెయ్యి సంగం మీట దాకా పోయి ఆగింది. మోటారు లేకపోతే రొయ్య చచ్చిపోతుంది, కట్టు ఒక పూట ఆగుతుంది అనుకుని అల్లూరు నొక్కాను. మనసు మాత్రం సంగంలోనే ఉంది.

అల్లూరులో దిగి బల్లమీద కూర్చున్నాను. నా తర్వాత దాటినవాళ్లంతా గొంతు తెచ్చుకుని లేచిపోయారు. నాకు రాలేదు. దగ్గితే గాలి తప్ప శబ్దం లేదు. అక్కడ గది చూసుకునే పెద్దాయన పూర్వం బస్సు కండక్టరు. నా ముఖం చూసి, "గొంతేగదమ్మా, యాడికి బోద్ది. ఇంటికి బో, వస్తాదిలే" అన్నాడు.

రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

మొదట భయం వేసింది. ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరుగారు నోట్లోకి లైటు వేసి చూసి అన్నీ బాగానే ఉన్నాయన్నారు, ఉండాల్సిన గొంతు తప్ప. మాట్లాడలేని నర్సుకు వార్డులో ఏం పని చెప్పాలో తెలియక సెలవు మీద పంపారు. ఇంట్లో గరిటెతో కంచం కొట్టి మా ఆయనను అన్నానికి పిలిచేదాన్ని. ఫోన్ మోగితే ఎత్తేదాన్ని. అవతలివాళ్లు రెండుసార్లు హలో అని పెట్టేసేవాళ్లు. క్రమంగా ఫోన్లు తగ్గాయి. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడ్డాను. అందరూ పాడుతుంటే వినడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చి పగలే పడుకున్నాను. భయం పోలేదు, అయినా నిద్ర వచ్చింది. అంత నిద్ర నాలో ఉందని నాకే తెలియదు.

అక్కకు చదువు రాదు కాబట్టి ఫోన్‌లో తన మాటలే రికార్డు చేసి పంపేది. ఎప్పుడొస్తావని, బావ కాలు చీము పడుతోందని. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చేత కట్టిస్తున్నానని, ఆయన మెత్తగా కట్టడని. వింటూ మంచంమీద అలాగే పడుకునేదాన్ని. లేచి దాటి పోవచ్చు. పోవడానికి కాళ్లున్నాయి. కాని మళ్లీ ఆ గదిలోకి అడుగుపెట్టాలంటే, ఈసారి నాలో ఇంకేది ఎక్కడ దిగుతుందోనని భయం.

ఒకరోజు అక్క మా ఆయనకు ఫోన్ చేసింది. సంగం దాటుగదిని చూసుకునే ఆమె అక్కకు కబురు చేసిందట. నా గొంతు అక్కడుందట.

దాటి పోదామని మా ఆయన అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నా వంక చూసి, చెరువు పనివాడికి అప్పగించి బయల్దేరాడు. బస్సులు బాగా తగ్గిపోయాయి. ఎంతోసేపటికి వచ్చింది ఒకటి. కోవూరులో దిగి ఇంకో బస్సు ఎక్కాం. ఎక్కీ ఎక్కగానే ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయాను. సంగం వచ్చిందని ఆయనే లేపాడు. ఆయన చొక్కా భుజం నా చెమటతో తడిసి ఉంది.

దాటుగది ముందు ఒక నడివయసు ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది. రోజూ అక్కడ దిగి ఆమెతో రెండు మాటలు ఆడిపోయేదాన్ని కాబట్టి నన్ను చూడగానే లేచింది.

"నీదే తల్లీ. నేను కనిపెట్టినా. ఎవురు తలుపు తీసినా ఒకటే మాట. జనం బెదురుకుంటుండారు" అంటూ తలుపు తీసింది.

ఖాళీ గదిలోంచి నా గొంతు వినబడింది. "ఆ, వస్తన్నా. వస్తన్నాలే."

నా గొంతు బయటినుంచి నేను అంతకుముందెప్పుడూ వినలేదు. కోపం లేదు, బాధ లేదు. తడిబట్ట పిండి పిండి ఇంక నీళ్లు రాని చోట ఎలా ఉంటుందో అలా ఉంది. కాసేపాగి మళ్లీ అదే మాట అంది. మా ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. నావైపు తిరిగాడు.

"ఇట్నా మే నువ్వు నాతో మాట్లాడేది?"

నేను తల ఊపాను.

"నాకు ఇనపడలా" అన్నాడు.

ఆమె నన్ను లోపల నిలబెట్టి, నోరు తెరిచి ఉంచమని చెప్పి తలుపు వేసింది. ఎండలో పడి వచ్చి కుండనీళ్లు తాగితే గొంతులో దిగినట్టు చల్లగా ఏదో దిగింది. దగ్గాను. శబ్దం వచ్చింది.

బయటికి వచ్చేసరికి అక్క చేరుకుంది. నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆపి, కళ్లు తుడుచుకుని, ఎట్టాగూ వచ్చావు గదా బావ కాలు చూసిపోదువు రమ్మంది. నా నాలుక చివర ఆ పాత మాటే ఉంది. దాన్ని మింగేశాను.

"పోదాం పా అక్కా. అయితే కట్టు నువ్వు కట్టాల. నేను పక్కన కూచోనుంటా."

"నాకు కళ్లు తిరగతాయి గదమే."

"తిరిగితే పట్టుకుంటా. రోజూ రాడం నా చాత కాదక్కా. వొళ్లు పడిపోయింది."

అక్క నా ముఖంలోకి చూసి చూపు తిప్పుకుంది. ఇంటిదాకా నాకంటే ముందు నడిచింది. ఆమెకు కోపం వచ్చిందనే అనుకున్నాను. ఇంట్లో బావ మంచంమీద కాలు చాపి ఉన్నాడు. కట్టు విప్పుతూ అక్క రెండుసార్లు బయటికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. మందు నీళ్లతో ఎలా తుడవాలో, గాజుగుడ్డ ఎంత మడవాలో నేను నోటితో చెప్పాను, చెయ్యి పెట్టలేదు. కట్టు కాస్త వంకరగా వచ్చింది. బావ కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఫర్వాలేదులే, ఊడదు" అన్నాడు. అక్క గోడకానుకుని కూలబడి నీళ్లు అడిగింది.

తిరుగు బస్సులో మా ఆయనకు చెప్పాను, మళ్లీ నెల్లూరులో గది తీసుకుంటానని, శనివారమే ఇంటికి వస్తానని. కోవూరులో బస్సు మారాం. ఇంకో బస్సులో కూర్చున్నాక, "చెరువుకాడ ఒక్కణ్ణే ఉంటే తోచదు. దానికే నిన్ను రోజూ రమ్మనింది. వంటకు గాదు" అన్నాడు. ఆ మాట ఆయన ముందే చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. ఆయన చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బావ కాలు మానింది గాని రెండు వేళ్లు తీసెయ్యాల్సి వచ్చింది. నేను రోజూ కట్టి ఉంటే ఆ వేళ్లు నిలిచేవేమోనని అక్క ఎప్పుడూ అనలేదు. నేనే అప్పుడప్పుడు అనుకుంటాను. డాక్టరుగారు కాదన్నారు. అక్క ఇప్పుడు వాళ్ల వీధిలో ఇంకో ముసలాయనకు కూడా కట్టు కడుతోందట.

నేను మళ్లీ దాటుతున్నాను, తప్పనప్పుడు. అలసట పూర్తిగా పోలేదు. ఈ వయసులో ఇంక పోదేమో.

మొన్న బుధవారం మా ఆయనే నెల్లూరులో నా గదికి వచ్చాడు, తను వండిన రొయ్యల కూర పట్టుకుని. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం నేలమీద కూర్చుని తిన్నాం. ఈసారి రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలిందని, సగం పోయినట్టేనని చెబుతూ చెబుతూ, చెయ్యి కడుక్కోకుండానే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. గడ్డం బాగా నెరిసింది. లేపలేదు. తడిగుడ్డతో చెయ్యి తుడిచి, ఫ్యాను ఆయనవైపు తిప్పి, పక్కనే కూర్చున్నాను.