నోట్లో సూదులు

టైలరు మాస్టారికి ముప్పయ్యొక్క ఏళ్లుగా ఒకటే అలవాటు. పాంటు అంచు మడిచేటప్పుడు గానీ, కోటు చంక బిగించేటప్పుడు గానీ, కావలసిన గుండుసూదులన్నీ ముందే పెదాల మధ్య పెట్టుకుంటాడు. పదో పన్నెండో ఉంటాయి. అద్దం ముందు నిలబడ్డ మనిషి కదలకూడదు కాబట్టి మాట్లాడతాడు. మాస్టారు నోరు తెరవకూడదు కాబట్టి వింటాడు. మధ్యమధ్యలో "ఊ" అంటాడు. "కాదు" అనాలంటే సూదులు రాలతాయి, లేదంటే గొంతులోకి పోతాయి. అందుకని ఎవరేమన్నా ఆయన ఒప్పుకున్నట్టే లెక్క.

ఆస్పత్రికి వెళ్లే సందులో, ఎడమవైపు వరసలో నాలుగో కొట్టు ఆయనది. అందులో ఒక మిషను, ఒక అద్దం, ఒక మనిషి పడతారు. రెండో మనిషి వస్తే మొదటి మనిషి గుమ్మం దిగాలి. పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా ఎండ తిన్నగా మిషను సూది మీద పడుతుంది. నల్ల బట్ట మీద నల్ల దారం కూడా కళ్లజోడు లేకుండా కనబడుతుంది. ఆ వెలుతురంటే ఆయనకు ప్రాణం.

మూడేళ్ల కిందట ఊళ్లో కౌన్సిలు ఎత్తేశారు. సభ్యులు ఇళ్లకు పోయారు, వాళ్ల కుర్చీలు వేలంలో పోయాయి. ఒకటి మాస్టారి కొట్టులోనే ఉంది, ఒక చక్రం లేదు. ఇకనుంచి ఏ విషయమైనా ఊరంతా ఫోన్లో ఓటేసి తేల్చుకోవాలన్నారు. మొదటి నెల అందరూ ఎగబడి వేశారు. రెండో నెలలో నీటి మీటర్ల గురించి నలభై పేజీలు చదివి ఓటేయమన్నారు. మూడో నెలకల్లా జనానికి నిబంధనల్లో ఉన్న వెసులుబాటు కనబడింది. చదివే ఓపిక లేనివాళ్లు తమ ఓటు నమ్మకమున్న మనిషికి అప్పగించవచ్చు. ఆ మనిషి తన దగ్గర పోగైనవన్నీ ఇంకొకరికి అప్పగించవచ్చు. నచ్చకపోతే, వేసేసిన ఓటైనా సరే, గడువులోగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఎవరిని నమ్మాలా అని ఎవరికి వాళ్లు ఆలోచించుకున్నారు. తమ మాట ఒక్కసారైనా కాదనని మనిషి ఎవరా అని వెతికితే మాస్టారు తేలాడు. బస్సు చార్జీ పెంచి తీరాలన్న ఆయనా, పెంచితే ఊరుకోనన్న ఆయనా ఒకే రోజు పాంట్లు పొట్టి చేయించుకుని, గుమ్మం దిగుతూ తమ ఓట్లు మాస్టారికే అప్పగించి పోయారు. మూడేళ్లలో అవి రెండు వేల మూడు వందల ఆరు అయ్యాయి. ఆ సంగతి కస్టమర్లు చెప్పినప్పుడు కూడా మాస్టారు "ఊ" అన్నాడు.

నిజానికి ఆయన ఒక్క ఓటూ వేసి ఎరగడు. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు ఆయనకు గోరుతో సమానం, తియ్యడు. దాంతో నొక్కితే ఫోను పలకదు. మొదటి రోజే నాలుగుసార్లు నొక్కి చూసి, ఫోను భార్య చేతిలో పెట్టి, "ఇదేదో నువ్వే చూసుకో" అని చేతులు దులుపుకున్నాడు. ఆవిడ ఆస్పత్రి గేటు దగ్గర గుమస్తా. అంబులెన్సులు వచ్చిన టైము రాస్తుంది. చూసుకోమన్నాడు కాబట్టి చూసుకుంది. ఫోను మర్నాడే తిరిగిచ్చేసింది.

పోయిన నెలలో సందు వెడల్పు చేసే విషయం ఫోన్లలోకి వచ్చింది. చెయ్యాలంటే ఎడమవైపు ఎనిమిది కొట్లూ పడగొట్టాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఆరు. మాస్టారి గుండెల్లో రాయి పడింది. పక్క కొట్టు చెప్పులాయన మాత్రం నవ్వాడు. ఈ ఊళ్లో ఏ విషయమైనా మూడు నాలుగు వందల ఓట్ల తేడాతో తేలుతోందనీ, రెండు వేలు జేబులో పెట్టుకున్న మనిషి దిగులు పడటమేమిటనీ చీవాట్లు పెట్టాడు. ఆ వారమంతా మాస్టారికి ఒకటే గిరాకీ. కొట్లు కావాలన్నవాళ్లూ, రోడ్డు కావాలన్నవాళ్లూ సరిగ్గా సరిపోయిన పాంట్లు పట్టుకుని బారులు తీరారు. ఆయన అందరికీ ఊకొట్టాడు.

శుక్రవారం నాలుగింటికి చెప్పులాయన వచ్చి, ఇక నొక్కమన్నాడు. మాస్టారు వేలి తొడుగు తీశాడు. కింద వేలు తెల్లగా, వేరే ఎవరిదోలా ఉంది. నొక్కాడు. తెర మీద వచ్చినదాన్ని చెప్పులాయన పైకి చదివాడు. మాస్టారి ఓటు మాస్టారి దగ్గర లేదు. మూడేళ్ల కిందటే భార్యకు అప్పగించి ఉంది. ఆవిడ తనది, ఆయనది, మిగతా ఊరివీ కలిపి రెండు వేల మూడు వందల ఎనిమిది ఓట్లూ సందు వెడల్పు చెయ్యమని నిన్ననే వేసేసింది. కింద 'వెనక్కి తీసుకోండి' అని ఒక బొత్తాం ఉంది.

వెంటనే నొక్కమని చెప్పులాయన మీద పడ్డాడు. ఆవిడ వచ్చే వేళయింది, ఒక మాట అడుగుతానని మాస్టారు ఫోను బల్ల మీద బోర్లించాడు. ఎదురుగా కస్టమరు లేకపోయినా పదకొండు సూదులు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

డ్యూటీ దిగి ఆవిడ రానే వచ్చింది. చెప్పులాయన మొహం చూడగానే సంగతి అర్థమైంది. అతన్ని కాసేపు అవతలికి వెళ్లమంది.

"పోయిన ఆదివారం మిమ్మల్ని అడిగాను కదండీ," అంది. "మీరు కోటు చంక బిగిస్తున్నారు. కొట్లు తీసెయ్యమని వేద్దామనుకుంటున్నాను, ఏమంటారు అన్నాను. ఊ అన్నారు."

మాస్టారికి ఆ కోటు గుర్తుంది, మాట గుర్తులేదు. మూడేళ్లుగా ఆవిడ ప్రతి విషయం ఇలాగే ఆయన చెవిన వేసింది. నీటి మీటర్లు, బస్సు చార్జీలు, వీధి దీపాలు, అన్నిటికీ కాగితాలు చివరి పేజీ దాకా చదివి, ఆయన ఊ అన్నాకే వేసింది. ఊరు అప్పణ్నుంచీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తోంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

"వెనక్కి తీసుకోవాలంటే తీసుకోండి. ఓటు మీది. నేనేమీ అనుకోను," అందావిడ. ఆ చివరి మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆయన సూదుల మధ్య నుంచే ఏదో గొణిగాడు.

"అవి తీసి చెప్పండి."

మాస్టారు సూదులు ఒక్కొక్కటే తీసి మెత్త మీద గుచ్చాడు. పదకొండూ అయ్యేదాకా ఆవిడ నిలబడే ఉంది.

"ఎంతసేపు పడుతుంది, సందు మొదట్నుంచి గేటు దాకా?"

"నడిస్తే మూడు నిమిషాలు. అంబులెన్సుకి తొమ్మిది," అంది. "ఈ ఏడాది ఆ తొమ్మిది నిమిషాల్లోనే పోయినవాళ్లు ముగ్గురు. టైము రాసింది నేనే."

మాస్టారు ఎండ కేసి చూశాడు. నాలుగు దాటింది, మిషను మీంచి జరిగిపోయి అద్దం అంచున ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది. బోర్లించిన ఫోను అలాగే ఉంది.

"ఊ," అన్నాడు ఖాళీ నోటితో.

ఆవిడ మెల్లగా, మిషను వంటింట్లో కిటికీ పక్కన వేసుకోవచ్చు, గట్టు జరిపిస్తానంది.

"కుదరదు," అన్నాడు మాస్టారు. "అక్కడ వెలుతురు చాలదు. ముందుగదిలో నీ మంచం తీసేసి అక్కడ వెయ్యాలి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, కౌన్సిలు కుర్చీలో కూర్చుంది. మంచం సంగతి వాదించుకోవడానికి ఆరుదాకా పట్టింది, బోర్లించిన ఫోను ఎవరూ ముట్టలేదు.