బుగ్గమ్మ సున్నా

బుగ్గమ్మకు సున్నా అంటే ప్రాణం. ఇబ్రహీంపట్నం పక్క ఊళ్లో పన్నెండేళ్లుగా ఆశా వర్కరు. బీపీ, షుగరు గోలీలు వేళకు పడితే ఆపదలో అంబులెన్సెక్కే పనే ఉండదు కదా? అయినా ఎక్కి పెద్ద దవాఖానలో చేరినవాళ్లు ఎందరో, ఎవరో నెలనెలా రిజిస్టరులో ఒక గడిలో రాయాలి. ఆ గడి పేరు ‘తప్పించదగిన చేరికలు’. ఊరి దవాఖాన సరిగ్గా పనిచేస్తోందా లేదా అని పైవాళ్లు చూసేది ఆ అంకెనే. పక్క ఊరి ఆశా నీలమ్మకు ఎప్పుడూ సున్నా. మన బుగ్గమ్మకు ఎప్పుడూ ఒకటి. ఆ ఒకటి పేరు సోమయ్య, ఊళ్లో షుగరున్న ముసలాయన.

పెళ్లి భోజనం తిన్నాడా, మర్నాడు సోమయ్య షుగరు ఆకాశానికి, సోమయ్య అంబులెన్సులోకి! ఈ నెలా ఒకటి వస్తే మండల మీటింగులో అందరి ముందూ నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. నీలమ్మ ముందు ఇంకేం పరువు మిగులుతుంది?

“గోలి ఏస్కుంటున్నవా లేదా, బాపూ?” అని నిలదీసింది.

“అవ్, దినాం ఏస్కుంట. దావత్ నాడొక్కటే ఏస్కోను.”

“గదేంది?”

“గంత తెల్వదా? మందు మింగి పత్యం తప్పితే యిషమైతది. లడ్డు తినే దినం మందు ముట్టద్దు.”

ఓరి నీ పత్యం పాడుగాను! బుగ్గమ్మ నెత్తి కొట్టుకుంది.

“ఈ గోలికి పత్యం ఒక్కటే. గోలి మానొద్దు, గంతే.”

“గట్లయితే ముందుగాల చెప్పొద్దా!” అని ముసలాయన ఎదురు కోప్పడ్డాడు.

ఆ నెలలోనే ఊళ్లో ఐలేష్ అనే కుర్రాడి పెళ్లి వచ్చింది. పంక్తిలో సోమయ్య “ఆగుర్రి, పత్యం!” అని కేకేసి, గోలి పైకెత్తి అందరికీ చూపించి మింగాడు. లడ్డు సగమే తిన్నాడు. మర్నాడు అంబులెన్సు రాలేదు.

అయినా బుగ్గమ్మకు గుబులే. సున్నా నిలవాలని మైసమ్మకు మొక్కి, నెలాఖరున మూడు రోజులు ఒక్కపొద్దులు పట్టింది. ఒక్కపొద్దు నాడు పొద్దున్నే గోలి మింగితే ఎంగిలిపడినట్టే కదా! తనకూ బీపీ ఉంది, అయినా ఆ మూడు రోజుల గోలీలు మూడూ మింగకుండా కొంగుకు ముడేసుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఇదే.

నెల ఆఖరి రోజు మీటింగు. డాక్టరమ్మ మనోజ “బుగ్గమ్మ, సున్నా!” అని చదివింది. చప్పట్లు మోగాయి. బుగ్గమ్మ లేచి దండం పెట్టబోయి, కళ్లు తిరిగి దబ్బున పడింది. అంబులెన్సు వచ్చింది.

సాయంత్రం ఆమెను చూడ్డానికి సోమయ్య దవాఖానకు వచ్చాడు. ఏమైందని అడిగితే బుగ్గమ్మ కొంగు ముడి విప్పి గోలీలు చూపించింది.

“పత్యం తప్పినవ్ బిడ్డా,” అన్నాడు.

బుగ్గమ్మకు ఏడుపొచ్చింది, ఆ వెంటే నవ్వూ వచ్చింది. రిజిస్టరు తెప్పించుకుని, ఆ గడిలోని సున్నాను గీత పెట్టి కొట్టేసి, ఒకటి వేసి, పక్కన తన పేరే రాసుకుంది. నీలమ్మ ఫోను చేస్తే మాత్రం ఎత్తలేదు.